రాలిన ఆకుతో రొయ్యల మేత

తెలుగునాట రొయ్య అనగానే భీమవరం చుట్టుపక్కల చెరువులు, ఎగుమతి లారీలు, ఇగురు గుర్తుకొస్తాయి. ఈ అధ్యాయం ఆ రొయ్యల గురించి కాదు. గాజుతొట్టిలో నాచు మధ్య తిరుగుతూ, ఎంత పెరిగినా చిట్టిగానే ఉండే చెర్రీ రొయ్యల గురించి. నియోకారిడినా డేవిడి అనే ఈ జాతి పుట్టిల్లు తైవాన్, తూర్పు చైనా వాగులు. వాగులో ఉన్నప్పుడు వీటిది మట్టిలో కలిసిపోయే రంగు. ఎర్రగా ఉన్నవాటిని తరతరాలుగా ఏరి పెంచడం వల్ల ఈ చెర్రీ రంగు వచ్చింది. ఆయుష్షు ఏడాది నుంచి రెండేళ్ళు. ఆ కొద్దికాలంలోనే అవి పొర విడుస్తాయి, గుడ్లు మోస్తాయి, పిల్లల్ని కంటాయి. రోజంతా ముందుకాళ్ళతో ఏదో ఒకటి గీరి నోట్లో పెట్టుకుంటూనే ఉంటాయి.

ఆ గీరడాన్ని శ్రద్ధగా చూసినవారికి వాటి మేత గురించి సగం తెలిసిపోయినట్టే. పూటకోసారి కడుపు నిండా తిని ఆగిపోయే జీవి కాదిది. కొంచెం కొంచెంగా, నిరంతరంగా తినే జీవి. మనం చిటికెడు గుళికలు వేస్తే పది నిమిషాలు గుమిగూడతాయి. మిగిలిన రోజంతా ఏం తింటాయన్నదే వాటి ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుంది. వాగులో అయితే ఆ మిగిలిన రోజుకు సమాధానం అడుగున పేరుకున్న ఆకులు. మన తొట్టిలోనూ అదే సమాధానం పనిచేస్తుంది.

ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోబోయేది ఆకును ఎంచుకోవడం, శుభ్రం చేయడం, ఊరబెట్టడం, కొలతగా వేయడం. వీటన్నిటి వెనుక ఒక్క సూత్రమే ఉంది: రొయ్యలకు మేత వేయడం కాదు మన పని, మేత పండేలా చూడడం. ఆ తేడా మనసుకెక్కితే మిగతా పనులన్నీ తేలికవుతాయి.

ఆకు ఎలా మేతవుతుంది?

నీళ్ళలో వేసిన ఎండుటాకును మొదటిరోజు రొయ్యలు దాదాపు పట్టించుకోవు. వారం, పదిరోజులు గడిచాక అదే ఆకు మీద గుంపుగా చేరతాయి. ఈ లోపల జరిగిందేమిటంటే, ఆకు మీద బ్యాక్టీరియా, బూజు, కంటికి కనపడని నాచు కలిసి జిగురు పొర కట్టాయి. రొయ్యలు పెంచేవాళ్ళు దీన్నే బయోఫిల్మ్ అంటారు. దోసెపిండి రాత్రంతా పులిస్తే గానీ దోసెకు పనికిరానట్టే, ఆకు కూడా సూక్ష్మజీవుల చేతుల్లోంచి వెళ్ళాకే మేతగా మారుతుంది.

ఈ సంగతి శాస్త్రవేత్తలు వాగుల్లోనే గమనించారు. 1942లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న సి.టి. ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త, వాగులో కుళ్ళుతున్న ఆల్డర్ చెట్టు ఆకుల మీద ప్రత్యేకమైన నీటి బూజుల లోకం ఉందని ప్రకటించాడు. 1971లో కౌశిక్, హైన్స్ అనే ఇద్దరు పరిశోధకులు, వాగులో పడిన ఆకు కుళ్ళుతున్నకొద్దీ అందులో మాంసకృత్తులు పెరుగుతాయని, ఆ పెరుగుదలకు ప్రధాన కారణం బూజేనని చూపించారు. ఆకులు తినే నీటి జీవులు ఊరని ఎండుటాకు కన్నా ఇలా ఊరిన ఆకునే కోరుకుంటాయి.

దీని నుంచి మనకు రెండు పాఠాలు. ఒకటి, ఆకు మీద తెల్లటి జిగురు కనిపిస్తే అది పాడైందని తీసి పారేయకూడదు. రొయ్యలు ఎదురుచూసేది దానికోసమే. రెండు, ఈరోజు వేసిన ఆకు ఈరోజు మేత కాదు, వచ్చే వారం మేత. కాబట్టి ఆకుల విషయంలో ఎప్పుడూ ఒక వారం ముందుండాలి.

ఎండుటాకుది ఒక పని, పచ్చాకుది మరో పని

చెట్టు ఆకును ఊరికే రాల్చుకోదు. రాలే ముందు అందులోని నత్రజని, భాస్వరంలో చాలా భాగాన్ని కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. చక్కెరలూ తగ్గిపోతాయి. మిగిలేది ఈనెలు, పీచు, టానిన్లనే వగరు పదార్థాలు. అందుకే సహజంగా రాలి ఎండిన ఆకు నీళ్ళలో నెమ్మదిగా కరుగుతుంది, నీటిని పాడుచేయదు. వారాల తరబడి సూక్ష్మజీవులకు ఆధారంగా నిలుస్తుంది. తొట్టిలో ఎప్పుడూ ఉండవలసింది ఈ ఆకు.

పచ్చగా కోసిన ఆకులో ఆ చక్కెరలు, మాంసకృత్తులు అలాగే ఉంటాయి. పోషణ ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. అలాగే నీళ్ళలో వదిలేస్తే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్ళు తెల్లగా మసకబారతాయి, అమ్మోనియా పుడుతుంది. పచ్చాకును వారానికి ఒకటి రెండుసార్లు, ఉడకేసి, చిన్న ముక్కగా ఇచ్చి, మరుసటిరోజుకు మిగిలింది తీసేయాలి.

ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే ఎక్కువ తొట్లు దెబ్బతింటాయి. కొమ్మ నుంచి పచ్చాకు కోసి, పైపైన ఎండబెట్టి, దాన్ని రాలిన ఆకులా నెలల తరబడి తొట్టిలో ఉంచకూడదు. పచ్చగా కోసి ఎండబెట్టింది ఎంత ఎండినా పచ్చాకు కిందే లెక్క. దాన్ని మేతగా కొంచెమే వాడాలి.

ఏ చెట్టు ఆకు?

బాదం. మన వీధుల్లో, బడి ఆవరణల్లో గొడుగులా పరుచుకునే నాటు బాదం చెట్టే ఇది. ఒకప్పుడు విస్తళ్ళు కుట్టిన ఆకే. ఆగ్నేయాసియాలో ఫైటర్ చేపలు పెంచేవాళ్ళు తరతరాలుగా వాడుతున్నదీ ఇదే. రాలే ముందు ఆకు ఎర్రబారుతుంది, నేలమీద పడి గోధుమరంగుకు ఎండుతుంది. వెడల్పుగా, దళసరిగా ఉంటుంది కాబట్టి జిగురు పొరకు చోటు ఎక్కువ. దీని టానిన్లు నీళ్ళకు లేత తేనె రంగునిస్తాయి. మొదటిసారి ప్రయత్నించేవారు దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

జామ. పెరట్లో జామచెట్టు ఉంటే మీకు మరో ఆకు సిద్ధంగా ఉన్నట్టే. చిన్న ఆకు కాబట్టి చిన్న తొట్లకు కొలత కుదురుతుంది. రాలి ఎండినవే ఏరండి.

అరటి. మొక్క మీదే ఎండి వేలాడే పాత ఆకును కోసి, మధ్య ఈనె తీసేసి, అరచేతి పొడవు ముక్కలు చేసుకోండి. పల్చగా ఉంటుంది కాబట్టి త్వరగా మెత్తబడుతుంది. రొయ్య పిల్లలకు ఎంతో అనువైనది. ఇంటి అరటే వాడాలి. తోటల్లో పెంచే అరటికి ఆకుమచ్చ తెగులు మందులు కొట్టడం మామూలు.

మల్బరీ. పచ్చాకుల్లో దీనిదే మొదటి పీట. హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగులకు మేపే ఆకు ఇదే. మాంసకృత్తులు మెండుగా ఉంటాయి. జర్మనీ నుంచి తైవాన్ దాకా రొయ్యలు పెంచేవాళ్ళు ఎండబెట్టిన మల్బరీని వాడతారు. పట్టు రైతుల దగ్గర దొరికితే చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో అడగండి. మందు కొట్టాక పట్టుపురుగులకైనా కొన్నిరోజుల గడువు ఇచ్చాకే ఆకు వేస్తారు. ఆ గడువు దాటి ఇంకా ఎక్కువ రోజులు ఆగి, ఆకు బాగా కడిగి తెచ్చుకోండి. పెరట్లో ఒక కొమ్మ నాటుకుంటే ఆ బెంగే ఉండదు. మల్బరీ కొమ్మ తేలిగ్గా వేరూనుతుంది.

మునగ. సున్నం పుష్కలంగా ఉన్న ఆకు. పొర విడిచే రొయ్యకు సున్నం అవసరం. చిట్టి ఆకులు కాబట్టి నీళ్ళలో చెల్లాచెదురవుతాయి. చిన్న గిన్నెలో పెట్టి దించి, కొన్ని గంటల్లో మిగిలింది తీసేయండి.

ఇక వాడకూడనివి. వీటిని ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి.

వేప. మన ఇళ్ళలో వేప అంటే ఆరోగ్యం. రొయ్యకు మాత్రం శత్రువు. వేపలోని అజాడిరాక్టిన్ పురుగులు పొర విడవడాన్ని నడిపే హార్మోన్లను దెబ్బతీస్తుంది. పంటలకు వేపమందు పనిచేసేది చాలావరకు అందుకే. రొయ్య కూడా అదే తరహా హార్మోన్లతో పొర విడిచే జీవి. కాబట్టి ఎండినదైనా, ఉడికించినదైనా వేప ఆకు వద్దు.

కానుగ. వీధుల్లో నీడకు విరివిగా పెంచే చెట్టు. ఇందులోని కరంజిన్‌ను పురుగుమందుగా వాడతారు. గన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, నీలగిరి కూడా ఈ జాబితాలోవే. గన్నేరు ఆకు ఎండినా విషం పోదు. తుంచితే పాలు కారే చెట్ల జోలికి వెళ్ళకపోవడం మంచి నియమం. మల్బరీకీ పాలున్నాయి నిజమే, కానీ దాన్ని ఎంతోమంది ఎన్నో ఏళ్ళుగా మేపి చూశారు. అలాంటి అనుభవం లేని చెట్టు మీద మీ రొయ్యలతో ప్రయోగం చేయకండి. పేరు తెలియని ఆకు ఎంత అందంగా ఉన్నా నేలమీదే వదిలేయండి.

ఎక్కడ ఏరాలి?

చెట్టు మంచిదైతే చాలదు, అది నిలబడ్డ చోటు కూడా మంచిదై ఉండాలి. రొయ్య శరీరం పురుగు శరీరానికి దగ్గరి చుట్టం. పురుగును చంపే మందు అతి తక్కువ మోతాదులో ఉన్నా రొయ్యను చంపుతుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ మందులు ఈ విషయంలో మరీ ప్రమాదం. చేపలు ఈదుతూనే ఉన్న తొట్టిలో రొయ్యలు మాత్రం పడిపోయాయంటే ముందుగా అనుమానించవలసింది పురుగుమందును, తర్వాత రాగిని.

కాబట్టి ఏరే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ చెట్టుకు గానీ పక్క పంటకు గానీ మందు కొడతారా? ఈ వీధిలో దోమల పొగ వదులుతారా? ఇది లారీలు, బస్సులు తిరిగే రోడ్డు పక్కనుందా? ఒక్కదానికి అవునని జవాబొచ్చినా మరో చెట్టు చూసుకోండి. మామిడి, నిమ్మ, కొబ్బరి, ద్రాక్ష తోటల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. తెగుళ్ళకు బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ కొడతారు. రెండింట్లోనూ రాగి ఉంది.

రాగి సంగతి వంటింటిదాకా వస్తుంది. రాగి చెంబులో నీళ్ళు నిలవ ఉంచి తాగే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఆ నీళ్ళు తొట్టికి వద్దు. ఆకులు మరిగించడానికి రాగి, ఇత్తడి గిన్నెలు వద్దు. గీజరు నుంచి వచ్చే వేడినీళ్ళు కూడా వద్దు, లోపల రాగి భాగాలు ఉండవచ్చు. ఒక స్టీలు గిన్నెను ఈ పనికే కేటాయించండి. దాన్ని సబ్బుతో తోమకుండా వేడినీళ్ళతో కడిగి పెట్టుకోండి.

ఎండుటాకు సిద్ధం చేసే పద్ధతి

ఒకటో మెట్టు, ఏరడం. వానలు లేని రోజుల్లో ఉదయం పూట వెళ్ళండి. పూర్తిగా ఎండి, వంచితే విరిగే ఆకులు ఎంచుకోండి. నల్లమచ్చలు, తెల్లటి బూజు, పురుగు గూళ్ళు, పిట్టల రెట్టలు ఉన్నవి వదిలేయండి. సగం ఆకుపచ్చగా ఉన్నదాన్ని ఇంటికి తెచ్చి ఎండబెట్టే బదులు, అది రాలి ఎండేదాకా చెట్టుకే వదిలేయండి.

రెండో మెట్టు, కడగడం. బకెట్టు నీళ్ళలో ఒక్కొక్క ఆకునూ రెండువైపులా మెత్తటి గుడ్డతో తుడవండి. రెండుమూడు నీళ్ళు మార్చండి. ఆకుకూరల్ని ఉప్పు, పసుపు వేసి కడిగే అలవాటును ఇక్కడ పక్కన పెట్టండి. సబ్బు అసలే వద్దు. మీ చేతులకు దోమల క్రీము, సానిటైజరు ఉంటే ముందు వాటిని కడుక్కోండి.

మూడో మెట్టు, ఆరబెట్టడం. నీడలో, గాలి ఆడే చోట, పాత నూలు చీర మీద పరచండి. దోమల కాయిల్ వెలిగించే గదిలో, లిక్విడ్ మెషీన్ పెట్టే గదిలో ఆరబెట్టవద్దు. వాటిలో ఉండేవి కూడా పైరిత్రాయిడ్ జాతి మందులే.

నాలుగో మెట్టు, దాచడం. బాగా ఎండిన ఆకుల్ని కాగితం సంచిలో పెట్టి మూతున్న స్టీలు డబ్బాలో ఉంచండి. చెట్టు పేరు, ఏరిన తేదీ, చోటు రాసి అతికించండి. వానాకాలంలో నెలకోసారి తీసి చూడండి. ముక్క వాసన వచ్చిన ఆకుల్ని మొక్కల మొదట్లో వేసేయండి. డబ్బాలో పట్టిన బూజుకీ, నీళ్ళలో ఊరిన పొరకీ పోలిక లేదు. మొదటిది పాడైన ఆకు, రెండోది తయారైన మేత.

ఐదో మెట్టు, మరిగించడమా, నానబెట్టడమా అని నిర్ణయించుకోవడం. అయిదు నిమిషాలు మరిగిస్తే ఆకు త్వరగా మునుగుతుంది, పురుగుల గుడ్లు చస్తాయి, ఆకు మెత్తబడి జిగురు పొర త్వరగా కడుతుంది. టానిన్లు కొంత ఆ నీళ్ళతో పోతాయి. నీళ్ళకు రంగు రావడం ఇష్టంలేనివాళ్ళకు ఇది మంచి దారి. టానిన్లు కూడా కావాలనుకుంటే ఆకు మీద వేడినీళ్ళు పోసి మూతపెట్టి చల్లారనివ్వండి చాలు. మొదటిసారి చేసేవారికి మరిగించమనే చెబుతాను.

ఆరో మెట్టు, ఊరబెట్టడం. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. ఒక గాజు సీసాలో తొట్టి నుంచే తీసిన నీళ్ళు పోసి, మరిగించి చల్లార్చిన ఆకులు అందులో వేయండి. నీళ్ళు మార్చేటప్పుడు పారబోసే తొట్టి నీళ్ళే ఇందుకు పనికొస్తాయి. వాటిలో కావలసిన సూక్ష్మజీవులు ముందే ఉన్నాయి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళు పోస్తే అవి చస్తాయి. వీలుంటే చిన్న ఎయిర్‌స్టోన్ పెట్టండి, లేకపోతే రెండురోజులకోసారి సగం నీళ్ళు మార్చండి. వారం నుంచి రెండు వారాల్లో ఆకు వేలికి జారుడుగా తగులుతుంది. వాసన అడవి మట్టి వాసనలా ఉండాలి. మురుగు వాసన వస్తే ఆకులు ఎక్కువయ్యాయని, గాలి చాలలేదని అర్థం. వాటిని పారేసి సగం ఆకులతో మళ్ళీ మొదలుపెట్టండి.

ఇలా ఊరిన ఆకును తొట్టిలో దించిన రోజే రొయ్యలు దాని మీదికి వస్తాయి. తొట్టి నీటికి వచ్చే కుదుపు కూడా తక్కువ.

పచ్చాకు సిద్ధం చేసే పద్ధతి

మల్బరీలో మరీ లేతవీ, మరీ ముదురువీ కాకుండా నడిమి ఆకులు కోయండి. కడిగి, మరుగుతున్న నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్ళలో వేయండి. ఆకు మెత్తబడి నీళ్ళలో మునుగుతుంది. అందులోంచి తపాలా బిళ్ళంత ముక్క కోస్తే పాతిక ముప్ఫై రొయ్యలకు సరిపోతుంది. మిగిలినవి ఒక్కో పూటకు సరిపడా ముక్కలుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

ఎండబెట్టి దాచుకోవాలంటే, ఆకుల్ని కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు, సారం రెండూ పోతాయి. చేత్తో నలిపితే పొడి అయ్యేంత ఎండాలి. వాడే ముందు కొద్దిసేపు వేడినీళ్ళలో నానబెట్టండి. రొయ్య పిల్లలున్న తొట్టిలో ఈ ఎండిన ఆకు పొడినే వేలికొసకు అంటినంత చల్లవచ్చు. అంతకు మించి వద్దు. మిగిలిపోయిన పొడి మీద ప్లనేరియా అనే చదునుపురుగులు పెరుగుతాయి, అవి పిల్లల్నే తింటాయి.

ఎంత వేయాలి?

మన ఇళ్ళలో ప్రేమంటే కొసరి వడ్డించడం. వద్దన్నా ఇంకో ముద్ద పెట్టడం. తొట్టి దగ్గర ఆ ప్రేమను అదుపులో పెట్టుకోవాలి. ఇక్కడ తక్కువ వేయడమే ఆదరణ.

ముప్ఫై లీటర్ల తొట్టికి అరచేయంత బాదం ఆకు ఒకటి చాలు, లేదా జామ ఆకులు మూడు నాలుగు. మొదటిసారి అందులో సగమే వేసి వారం చూడండి. నీళ్ళు తేటగా ఉండి, రొయ్యలు చురుగ్గా ఉంటే మిగతా సగం వేయండి. ఆకు సగం జల్లెడలా మారాక కొత్తది వేసి, పాతదాన్ని మరో వారం అలాగే ఉంచండి. చివరికి మిగిలే ఈనెల వల పిల్లలకు మంచి దాగుడుచోటు. నల్లబడి, ముట్టుకుంటే చెదిరిపోయి, దుర్వాసన వేసేదాన్ని మాత్రం వెంటనే తీయండి.

ఆకు ఒక్కటే పూర్తి ఆహారం కాదని కూడా గుర్తుంచుకోండి. వారానికి రెండుమూడుసార్లు మంచి గుళికల మేత, నీటిలో తగినంత ఖనిజాలు ఉండాలి. ఆర్వో నీళ్ళు వాడేవారు రొయ్యలకోసం అమ్మే ఖనిజ లవణాలు కలపకుండా పోయకూడదు. వారంలో ఒకరోజు బయటి మేత ఏదీ వేయకండి. ఆకులున్న తొట్టిలో ఆరోజు కూడా రొయ్యలకు తిండికి లోటుండదు.

బాదం ఆకు వేస్తే నీళ్ళ పీహెచ్ దిగుతుందని చాలామంది నమ్ముతారు. మెత్తటి నీళ్ళలో కొంత దిగుతుంది. మన బోరునీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువ. ఆకు నుంచి వచ్చే కొద్దిపాటి ఆమ్లాన్ని అవి అక్కడికక్కడే చప్పబరుస్తాయి. రంగు మారినంత మాత్రాన పీహెచ్ మారినట్టు కాదు. పీహెచ్ దించాలని ఆకుమీద ఆకు వేస్తూ పోతే, అది దిగకపోగా నీళ్ళు కుళ్ళుతాయి. ఆకును మేతగా చూడండి, మందుగా చూడకండి.

వేసవిలో ప్రత్యేక జాగ్రత్త

ఆకు కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. చల్లటి వాగులో అది సమస్య కాదు. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అదే 30 డిగ్రీలకు వచ్చేసరికి 7.5కు పడిపోతుంది. మరోవైపు వేడికి సూక్ష్మజీవుల ఆకలి పెరుగుతుంది, రొయ్య శ్వాస కూడా పెరుగుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల రాత్రి, మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకునే వేళ, ఈ మూడూ కలిసి తొట్టిని ఊపిరాడని స్థితికి తెస్తాయి.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా ఆకుల మోతాదు సగానికి తగ్గించండి. పచ్చాకును ఉదయం వేసి సాయంత్రానికి తీసేయండి. ఎయిర్‌పంపు రాత్రంతా నడవాలి. కరెంటు పోయే ఊళ్ళలో బ్యాటరీ పంపు ఒకటి దగ్గరుంచుకోండి. తొట్టి మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే నీళ్ళు రెండుమూడు డిగ్రీలు చల్లబడతాయి. ఆవిరైన మేరకు క్లోరిన్ లేని నీళ్ళు నెమ్మదిగా పోయండి.

తొట్టి చెప్పే మాట వినడం

ఆకులు సరిగా సిద్ధమయ్యాయో లేదో రొయ్యలే చెబుతాయి. ఆకు మీద తాపీగా గీరుతూ ఉంటే అంతా బాగుంది. ఆకును వదిలి అన్నీ నీటి పైభాగానికి చేరితే ఆక్సిజన్ తక్కువైంది. ఆకు తీసి, గాలి పెంచి, పావువంతు నీళ్ళు మార్చండి. ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు ఈదుతూ, పక్కకు పడిపోతూ ఉంటే విషం అనుకోవాలి. ఆకు వెంటనే తీసేసి, శుభ్రమైన నీళ్ళు సిద్ధంగా ఉంటే రొయ్యల్ని వాటిలోకి మార్చండి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి, ఆ డబ్బాలో మిగిలిన ఆకులన్నీ పారేయండి. నీళ్ళు తెల్లగా మసకబారితే అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయండి. రెండూ సున్నా ఉండాలి.

పిల్లలు పుట్టినప్పుడు ఆకు విలువ పూర్తిగా తెలుస్తుంది. తల్లి పొట్టకింద మోసే పాతిక ముప్ఫై గుడ్లు మూడు నాలుగు వారాల్లో పొదుగుతాయి. బయటికొచ్చే పిల్లలు రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. మేత వేసిన చోటికి ఈదుకుంటూ రాలేవు, పుట్టిన చోటే దొరికింది తినాలి. అక్కడ ఊరిన ఆకు ఉంటే బతుకుతాయి. పిల్లలు మిగలడం లేదని బాధపడే చాలా తొట్లకు లోపించింది ఖరీదైన మేత కాదు, నెల ముందు వేసి ఉండవలసిన ఒక ఆకు. పిల్లలు ఇంత చిన్నవి కాబట్టి, తొట్టి నీళ్ళు పారబోసేటప్పుడు పిల్లలున్నాయేమో చూసుకుని, నీళ్ళను పూలమొక్కలకు పోయండి. కాలవల్లోకి, చెరువుల్లోకి వదలకండి. ఈ జాతి మన నీళ్ళది కాదు. జపాన్‌లో, ఐరోపాలో కొన్నిచోట్ల తప్పించుకుని స్థిరపడిన చరిత్ర దీనికి ఉంది.

ఈ వారం నుంచి మొదలుపెట్టండి

మొదటి వారం: ఒకే ఒక్క చెట్టును ఎంచుకోండి. దాని యజమానిని అడిగి, మందు కొట్టరని తేల్చుకోండి. పదిహేను ఇరవై ఆకులు ఏరి, కడిగి, ఆరబెట్టండి.

రెండో వారం: రెండు ఆకులు మరిగించి సీసాలో ఊరబెట్టండి. రోజూ వాసన చూసి, ఏం కనిపించిందో చిన్న పుస్తకంలో రాయండి.

మూడో వారం: ఊరిన ఆకులో సగం తొట్టిలో దించండి. ఉదయం, రాత్రి పడుకునే ముందు అయిదేసి నిమిషాలు తొట్టి ముందు కూర్చుని చూడండి. కొత్తగా ఇంకేమీ మార్చవద్దు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

నాలుగో వారం: మిగతా సగం వేయండి, సీసాలో తర్వాతి ఆకు ఊరబెట్టండి. ఇక నుంచి తొట్టిలో ఒక ఆకు, సీసాలో ఒక ఆకు, డబ్బాలో నెలకు సరిపడా ఆకులు ఎప్పుడూ ఉండాలి. ఈ వరస తప్పకుండా ఉంచగలిగితే, రొయ్యల పెంపకంలో డబ్బుతో కొనలేని భాగం మీ చేతికొచ్చినట్టే. ఇందులో ఖర్చయ్యేది మీ ఓపిక, మీ గమనింపు. ఆ రెండూ పెట్టినవారి తొట్టిలో రొయ్యలు తరం తర్వాత తరం నిలుస్తాయి.